ఆరో పాటలో ఖాళీ

తాల్‌బగీచా, ఖరగ్‌పూర్
18 జూలై 2024

వాసంతికి, వదిన రాస్తున్నది.

మూడు రోజులుగా వాన వదలడం లేదు. వీధి కాలువ పొంగి మన గేటు దాకా వచ్చింది. హాల్లో తాడు కట్టి బట్టలు ఫ్యాను కింద ఆరేస్తున్నాను. పొద్దున్న పాఠానికి ఇద్దరు పిల్లలే వచ్చారు. వాళ్ల చేత గీతం పాడించి పంపి, పప్పు పొయ్యి మీద పడేసి ఈ కాగితం తీశాను.

నీ పార్సిల్ మంగళవారం అందింది. పాడేటప్పుడు తప్ప నోరు విప్పొద్దని డాక్టరు చెప్పాడని చీటీలో రాశావు. ఫోన్‌లో వేలితో తెలుగు కొట్టడం నాకు రాదు. అందుకని ఇలా ఉత్తరాలు రాసుకోవాలి. అరవై ఆరేళ్లకి నీ నోటికి తాళం వేసిన ఆ డాక్టరు పేరేమిటో కనుక్కోమంటున్నారు మీ అన్నయ్య. పూలదండ పంపుతారట.

చాలా ఏళ్ల తర్వాత నువ్వు మళ్లీ ఆల్బమ్ చేస్తున్నావని పేపర్లో వేశారు. పక్కింటి సత్యవాణి కత్తిరించి తెచ్చింది. 'రాక్ గాయని జెనీ మళ్లీ స్టూడియోకి' అని నీ ఫోటో. వాసంతి అన్న పేరు ఎక్కడా లేదు. "మీ ఆడపడుచే కదండీ" అని నన్ను అడిగింది. అవునన్నాను. ముప్ఫయ్యేళ్లుగా మా వసారాలో పిల్లలు పాట నేర్చుకుంటున్నారు. ఆవిడ ఇద్దరు కూతుళ్లూ ఇక్కడే నేర్చుకున్నారు. అది ఏ పేపర్లోనూ రాలేదు కాబట్టి ఆవిడకి కత్తిరించే పని పడలేదు.

నువ్వు పంపిన పెన్‌డ్రైవ్ ఆమని తన లాప్‌టాప్‌కి పెట్టింది. తొమ్మిది పాటలూ విన్నాం. నీ గొంతు బాగా దిగింది. కింది స్థాయిలో గరగరమంటోంది. ఈ కాలం వాళ్లకి అదే బాగుంటుందేమో నాకు తెలియదు. టోని డ్రమ్ములు మాత్రం ఏమీ మారలేదు, అప్పుడూ చెవులు మూసుకున్నాను, ఇప్పుడూ మూసుకున్నాను.

ఆరో పాట తెలుగులో ఉంది. యాభై ఏళ్లు ఇంగ్లీషూ బెంగాలీ పాడి ఇప్పుడు తెలుగు గుర్తొచ్చినందుకు సంతోషం. కానీ ఒక మాట చెప్పాలి, వేరేవాళ్లు చెప్పరు. ఆ పాటలో నువ్వు నాలుగు చోట్ల నోరు మూసుకున్నావు. 'తలుపు తీయి వదినా' అని అడుగుతావు, ఆ తర్వాత గొంతే లేదు, వాయిద్యాలు ఒంటరిగా వాయించుకుంటూ పోతాయి. ఊపిరి అందలేదా? ఊపిరి అందనప్పుడు చరణం చిన్నది చేసుకోవాలి గానీ ఖాళీగా వదిలేస్తే వినేవాళ్లకి తెలిసిపోతుంది. మా పిల్లలకి మొదటి నెలలోనే చెబుతాను.

ఆమని చెవులకి ఆ గొట్టాలు తగిలించుకుని ఐ.ఐ.టి. లైబ్రరీలో ఉద్యోగానికి కూడా నీ పాటలే వింటూ వెళుతోంది. ఈ దసరాకి మూలా నక్షత్రం రోజు గుడిలో సాయంత్రమంతా ఆమనే పాడుతుంది. ఇన్నాళ్లూ నేను కూర్చున్న చోట కూర్చుంటుంది. కిరణ్‌కుమార్‌కి విశాఖ బదిలీ అయినా కూతుర్ని నాన్నమ్మ దగ్గర వదిలింది అందుకే. దాని బుర్రలో వేరే ఏమీ పెట్టకు.

పప్పు మాడుతున్న వాసన వస్తోంది.

లలితాంబ

*

టాలీగంజ్, కలకత్తా
26 జూలై 2024

వదినా,

నీ పప్పు మాడింది కదా? మాడే ఉంటుంది. నన్ను తిడుతూ కూర్చున్నప్పుడల్లా మాడేది.

ఇక్కడా వానే. మా స్టూడియో ఒక మిఠాయి కొట్టు మీద మేడ. పాకం వాసనలో కూర్చుని పాడుతున్నాను, చక్కెర తినకూడదు. రోజుకి గంట పాడతాను. మిగతా పొద్దంతా పలక మీద రాసి చూపించడమే. రికార్డు చేసే కుర్రాళ్లకి నా వయసులో సగం కూడా లేదు, 'దీదీ' అంటారు, మంచినీళ్లు తెస్తారు, గొంతు బాగాలేదని ఒక్కడూ చెప్పడు. నువ్వు చెప్పావు. థాంక్స్.

టోని వేళ్లు ఇప్పుడు పూర్తిగా ముడుచుకోవు. కర్రలకి గుడ్డ చుట్టుకుని వాయిస్తాడు. అయినా ఇతను తప్ప నాకు వేరే డ్రమ్మర్ వద్దు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో మేమిద్దరం మొదటిసారి వాయించినప్పుడు నువ్వు ముందు వరసలో కూర్చున్నావు. గుర్తుందా? అమ్మ నిన్ను వేదిక ఎక్కనివ్వలేదు. కోడలు కూర్చుని వింటే చాలంది.

నాకు ఊపిరి అందలేదని రాశావు. తప్పు. ఆ నాలుగు చోట్లా కావాలనే ఆగాను. అక్కడ ఖరగ్‌పూర్ గొంతు ఒకటి రావాలి. ఎవరిదో చెప్పను. ఆ పాట మన ఇంటి గుమ్మంలో పుట్టింది. ఇంట్లోవాళ్లకి కూడా విడమర్చాలా? సెప్టెంబరు మూడో వారం వరకూ ఆ పాటని అలాగే ఉంచమన్నాను. ఆ తర్వాత ఇక్కడివాళ్లు ఏ గిటారుతోనో నింపేస్తారు.

ఆమని గొంతు ఎలా ఉంది? పోయిన దసరాకి నీ పక్కన కూర్చుని పాడిన వీడియో పంపింది. ఎన్నిసార్లు చూశానో. ఒకసారి చూసి ఆ రోజు స్టూడియోకి వెళ్లలేదు.

అన్నయ్య దండ పంపితే నిజంగా డాక్టరుకి వేస్తానని చెప్పు.

వాసంతి

*

తాల్‌బగీచా
3 ఆగస్టు 2024

వాసంతీ,

వాన తెరిపిచ్చింది. మేడ మీద నాచు గీకించాలి. మనిషి రేపు వస్తానని వారం నుంచి అంటున్నాడు. మీ అన్నయ్యే ఎక్కుతానంటే నిచ్చెన దాచాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వేం అడుగుతున్నావో అర్థమైంది. ఖరగ్‌పూర్ గొంతు కావాలంటావు. ఎవరిదో చెప్పనంటావు. ఆ తర్వాతి పేరాలోనే ఆమని గొంతు ఎలా ఉందంటావు. నువ్వు ఎప్పుడూ ఇంతే. కావలసింది నేరుగా అడగవు, ఎదుటివాళ్ల చేత్తో పళ్లెంలో పెట్టించుకుంటావు.

కుదరదు. ఆమనికి టాన్సిల్స్ వాచాయి. దసరా దాకా ఏసీ గదిలో కూర్చోకూడదన్నారు.

మీ అన్నయ్యకి నీ ఉత్తరం గట్టిగా చదివి వినిపించాను. ఆయన వేరే పాట ఎత్తుకున్నారు. "ఏటే లలితా, అది తలుపు కాడ పాట కదా? బయట మనిసి అడిగితే లోపలి మనిసి పలకాల. నువ్వు పలుకుతావని ఆగినాది మా సెల్లి" అన్నారు. "మీకు చెవులు వినపడవు, మధ్యలో మీకెందుకు" అన్నాను. "చెవులు నాకు లేవు, నీకేటయినాయి?" అని నవ్వారు. చెల్లెలి మాట వస్తే ఆయనకి అంతే, ఎండ వానలాగా కనిపిస్తుంది.

నువ్వు గుమ్మం గుర్తు చేశావు కాబట్టి రాస్తున్నాను. నాకు బాగానే గుర్తుంది. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లో నా గృహప్రవేశం. పలాస నుంచి రాత్రంతా పాసింజరులో కూర్చుని వచ్చాను, ముఖం నిండా బొగ్గు నుసి. ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడి పేర్లు చెప్పిస్తుందని తెలుసు. నువ్వు పేరుతో ఊరుకోలేదు. చేతులు రెండు తలుపులకీ ఆనించి పాట ఎత్తుకున్నావు. 'ఎవరమ్మా, ఏ ఊరమ్మా, చేతిలో ఏమున్నాది' అని. నీకు పదహారేళ్లు. వీధి మొత్తం వచ్చి నిలబడింది. నేను తల వంచుకుని ఏడుస్తాననుకున్నావు. 'ఒట్టి చేతులతో రాలేదు, ఒక గొంతు తెచ్చాను, మీ ఇంట చోటుందో లేదో చెప్పండి' అని అదే వరసలో అందుకున్నాను. ముందు అనుకున్నది కాదు, అప్పుడే నోటికి వచ్చింది. వీధంతా చప్పట్లు కొట్టారు. డ్యూటీకి పోతున్న ఫైర్‌మన్ కూడా సైకిల్ ఆపాడు.

నీ ముఖం అప్పుడు ఎలా మారిందో నేను చూశాను.

ఆ తర్వాత ఏమైంది? తెచ్చిన గొంతుకి ఆ ఇంట్లో వంటింట్లో చోటు దొరికింది. గుమ్మంలో ఓడిపోయినదానికి ఇన్‌స్టిట్యూట్ హాలు దొరికింది. నేనేమీ అనుకోలేదు. ఎవరి రాత వాళ్లది. కానీ నాకని ఒక్క పిల్ల తయారైంది. దాన్ని కూడా కలకత్తా తీసుకుపోయి నీ వెనక నిలబెట్టి ఆ-ఆ అనిపిస్తానంటే ఒప్పుకోను.

గిటారుతోనే నింపుకో.

లలితాంబ

*

కలకత్తా
14 ఆగస్టు 2024

వదినకి,

ఆమనికి టాన్సిల్స్ ఎనిమిదో ఏట తీసేశారు. కిరణ్ ఇక్కడికే తీసుకొచ్చాడు. ఆసుపత్రిలో దాని మంచం పక్కన ఐస్‌క్రీమ్ పట్టుకుని కూర్చున్నది నేను. నీకు ఆ రోజు గుడిలో కచేరీ ఉంది. తీసేసిన టాన్సిల్స్ ఎలా వాచాయో ఆ డాక్టర్ని కూడా చూపించు, అన్నయ్యని ఇంకో దండ కొనమను.

అబద్ధం ఆడినందుకు కోపం లేదు. నేనూ ఒకటి దాచాను, చెప్పేస్తాను. దసరా వీడియో చాలాసార్లు చూశానని రాశాను కదా, ఆమని కోసం చూశాననుకున్నావు. నేను చూసింది నిన్ను. డెబ్బై ఏళ్ల మనిషివి చాప మీద కూర్చుని, తల కూడా కదపకుండా, పై స్థాయి ఎంత తేలిగ్గా అందుకున్నావో. నేను అక్కడికి వెళ్లి ఎన్నేళ్లయిందో. సిగరెట్టు పొగ, ఊరూరా హోటలు గదులు, మైకులో అరుపులు అన్నీ కలిసి నా గొంతుని తినేశాయి. నువ్వు వంటింట్లో పెట్టుకుని పాడుకున్నది చెక్కుచెదరలేదు. ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. ఆ రోజు స్టూడియోకి వెళ్లకపోవడానికి కారణం అది.

నాలుగు చోట్ల నోరు మూసుకున్నానన్నావు. నువ్వు పాడాలని మూసుకున్నాను. యాభై ఏళ్లలో నీ కోసం నేను నోరు మూసుకున్నది అదొక్కసారి.

టోని రోజూ అడుగుతాడు. మన నిమ్‌పురా మాట అతనికి ఇంకా పోలేదు. "ఏటి వాసంతీ, మీ వదిన వొస్తాదా రాదా? నా సేతులు బాగున్నప్పుడే రమ్మను" అంటాడు. ఏం చెప్పను? అన్నయ్యకి అర్థమైంది, చెవులు వినపడని మనిషికి. నీకు అర్థం కాలేదంటే నమ్మలేకపోయాను. ఇష్టం లేక తెలియనట్టు ఉన్నావనుకున్నాను. నువ్వు కాదన్నావు. సరే.

అందుకని ఆమనికి మెసేజ్ పెట్టాను. నీ ఉత్తరం అందిన రోజే, కోపంలో. 'ఆరో పాటలో ఖాళీ నువ్వు పాడతావా' అని. వెంటనే వస్తానంది. సెప్టెంబరు 21 శనివారం అనుకున్నాం. పళ్లెంలో పెట్టమని నిన్నడగలేదు, నేరుగా దాన్నే అడిగాను. నువ్వు నేర్పిన పద్ధతే.

వాసంతి

*

తాల్‌బగీచా
29 ఆగస్టు 2024

వాసంతీ,

ఎండ విపరీతంగా ఉంది. కొత్త ఆవకాయ జాడీలో నూనె తక్కువైతే కాచి పోశాను. చవితికి పాడవలసిన పాటలు పిల్లలకి ఇంకా రాలేదు. ఒకడైతే పాఠానికి వచ్చి చీపురుపుల్లతో డ్రమ్ము వాయిస్తున్నాడు.

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. రాసి చించేశాను, రెండుసార్లు.

నేను కాదనలేదు. నువ్వు అడగలేదు. అడగనిదానికి కాదనడం ఏమిటి? మన ఇళ్లల్లో పేరంటానికి కూడా గుమ్మంలోకి వచ్చి బొట్టు పెట్టి పిలుస్తారు. నువ్వు పెన్‌డ్రైవ్ పార్సిల్ చేసి ఖాళీలు వదిలి, తెలుసుకోమన్నావు. సత్యవాణి కూడా శనగలకి అంతకన్నా మర్యాదగా పిలుస్తుంది.

ఆమని నాకు చెప్పకుండా ఒప్పుకుంది. అడిగితే, "మొదట నిన్నే అనుకున్నారంట నాన్నమ్మా. నువ్వు వద్దన్నావని కలకత్తా బామ్మ రాసినాది. నీకు ఇష్టం లేదనుకున్నాను" అంది. దాని తప్పేమీ కనబడలేదు నాకు. అదే కష్టంగా ఉంది.

సాయంత్రం లైబ్రరీ నుంచి వచ్చి గది తలుపేసుకుని సాధన చేస్తోంది. నువ్వు అడుగుతావు, అది పలుకుతుంది. వసారాలోకి వినపడుతుంది. శ్రుతి తప్పదు, నేను నేర్పిన పిల్ల. కానీ జవాబులో మాటలు దానికి తెలియవు. వాళ్ల తాతయ్యని అడిగి ఒకటిన్నర లైను సంపాదించింది, మిగతాది ఆ-ఆ అని లాగుతోంది. నిన్న వంటింట్లోకి వచ్చి, "ఆ రోజు గుమ్మంలో నువ్వు ఏటి పాడినావు? మొత్తం చెప్పు నాన్నమ్మా, రాసుకుంటాను" అంది. కాగితం, పెన్ను తెచ్చుకుంది.

మరిచిపోయానన్నాను.

మరిచిపోలేదు. దానికి వర్ణం నేర్పాను, కీర్తనలు నేర్పాను, నాకు వచ్చినదేదీ దాచుకోలేదు. దసరాకి నా చోటే ఇస్తున్నాను. కానీ ఈ జవాబు ఇవ్వలేను. గుమ్మంలో నిలబడింది నేను. ముఖాన నుసి నాది. ఆ పాటలో 'వదినా' అని నువ్వు పిలుస్తున్నది నన్ను. అక్కడ పాతికేళ్ల పిల్ల పలికితే ఎలా ఉంటుంది? నాకు నచ్చడం లేదు. గది తలుపు వెనక దాని గొంతు వింటుంటే గిన్నెలు గట్టిగా పడేస్తున్నాను.

మీ అన్నయ్య అంటారు, "ఆడపడుసుతో అయిపోనాది, ఇప్పుడు మనవరాలితో మొదలెట్టినావా?" అని.

నేనేం అడుగుతున్నానో నేరుగా రాశాను. నువ్వు కూడా నేరుగా రాయి.

లలితాంబ

*

కలకత్తా
6 సెప్టెంబరు 2024

వదినా,

ఈ కవరులో చిన్న పొట్లం ఉంది. కుంకుమ. కాళీఘాట్ నుంచి తెప్పించాను. ఇదే నీ గుమ్మంలోకి వచ్చి పెట్టినట్టు. రికార్డింగుకి పిలుస్తున్నాను. రా.

నువ్వు పాడాలి. నాకు కావలసింది అదే, మొదటి నుంచీ అదే. కానీ ఆమనికి మాటిచ్చాను, వెనక్కి తీసుకోను. ఇద్దరూ రండి. జవాబు నీది, నాలుగు చోట్లా నీదే. చివరి పాటలో వెనక గొంతు ఇంకా పెట్టలేదు, అది ఆమనికి ఉంచుతాను. ఈ సంగతి నువ్వే దానికి చెప్పు. నేను మెసేజ్ పెడితే నీ చోటు ఇచ్చినట్టు ఉంటుంది, నువ్వు చెబితే నీ పక్కన కూర్చోబెట్టుకున్నట్టు ఉంటుంది. పిల్ల చిన్నబుచ్చుకోకుండా చెప్పు. అది నీకు వచ్చు, ముప్ఫయ్యేళ్లుగా పిల్లలతోనే కదా నీ పని.

టోని రెండు మైకులు పెట్టించమన్నాడు. "వదినకి ఒకటి, చోటీకి ఒకటి, ఠీక్ హై?" అన్నాడు.

అన్నయ్యని కూడా తీసుకురా. ఏమీ వినపడకపోయినా కింద మిఠాయి కొట్లో మిష్టి దోయి తింటాడు.

ఇక్కడ కుర్రాళ్లు నీ గురించి అడిగితే పలక మీద 'నన్ను గుమ్మంలో ఓడించిన మనిషి' అని రాసి చూపించాను. ఇప్పుడు అందరూ భయపడుతున్నారు.

21న ఎదురుచూస్తూ,
వాసంతి

*

తాల్‌బగీచా
15 సెప్టెంబరు 2024

వాసంతీ,

మళ్లీ వాన పట్టుకుంది. నిమజ్జనానికి వెళ్లిన లారీలు వీధి మొత్తం బురద చేసి పోయాయి. దేవుడి గది కడిగి, కుంకుమ భరిణెలో పోసుకున్నాను. మంచి రంగు.

21న పొద్దున్న లోకల్‌కి వస్తాను. హౌరా నుంచి టాక్సీలో వస్తాను, ఎవరినీ పంపనక్కర్లేదు. మీ అన్నయ్యకి మోకాలు నొప్పిగా ఉంది, రారు.

ఆమని రావడం లేదు. చెప్పవలసింది చెప్పాను. సరేనంది. ఆ సాయంత్రం అట్లు పోసింది, మాకిద్దరికీ పెట్టింది, తను తినలేదు. గదిలో సాధన ఆపేసింది. దసరా దగ్గరకొచ్చింది కాబట్టి అదే మంచిది. ఒక్క గొంతు మీద రెండు బరువులు పెట్టకూడదు.

నాకు చల్లని నీళ్లు వద్దు, వేడినీళ్లు ఉంచమను. టోని డ్రమ్ములకి దూరంగా కూర్చోబెట్టు.

లలితాంబ

*

కలకత్తా
24 సెప్టెంబరు 2024

వదినా,

నువ్వు వెళ్లాక కుర్రాళ్లు ఆరో పాటని ఇప్పటికి ఎన్నిసార్లు పెట్టుకుని విన్నారో. నువ్వు చీర కొంగు బిగించి, చెప్పులు బయట విడిచి, మైకు ముందు కూర్చుంటాను గానీ నిలబడనన్నావు. చాప లేక, కింద కొట్లోంచి గోనెపట్టా తెచ్చి వేశారు. ఒక్కసారి పాడావు. ఎందుకైనా మంచిది, ఇంకోసారి పాడమని అడిగితే "అవసరం లేదు" అన్నావు. నిజంగానే అవసరం లేకపోయింది. అదే నాకు మండింది. నేను మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నది కళ్లు తుడుచుకోవడానికని టోని నీకు చెప్పాడట. కాదు. నేను ఒక్క లైనుకి పదకొండుసార్లు పాడాను ఆ పాట.

మొదటి మూడూ పాత జవాబులే. నాలుగోది ఎప్పుడు కట్టావు? 'గడియ వేయలేదమ్మా, నువ్వే తోసి చూడలేదు.' అది విని ఏం చేయాలో తెలియక పలక తీసి 'బాగుంది' అని రాశాను. నోటితో చెప్పడానికి డాక్టరు ఒప్పుకోడు కదా అనుకో.

ఆల్బమ్ కవరు మీద 'లలితాంబ, ఖరగ్‌పూర్' అని నా పేరంత అక్షరాలతో వేయమన్నాను.

ఇక ఇంకో సంగతి. చోటీకని పెట్టిన మైకు అలాగే ఉండిపోయింది. ఆదివారం ఆమనికి మెసేజ్ పెట్టాను, 'ఎందుకు రాలేదు, చివరి పాట నీ కోసం ఉంచాను, వచ్చే వారమైనా రా' అని. జవాబు ఇలా వచ్చింది: 'నా గొంతు ఇంకా పండలేదు, ఇప్పుడే వద్దు అన్నావంట కదా బామ్మా. నాన్నమ్మ చెప్పినాది.'

నేనెప్పుడన్నాను వదినా?

నేను అనలేదని రాశాను. ఇద్దర్నీ రమ్మన్నానని కూడా రాశాను. ఆ తర్వాత దాని దగ్గర్నుంచి ఏమీ రావడం లేదు. నా పాటని చూసి కుళ్లుకున్నావు, అర్థముంది. నేనూ నిన్ను చూసి కుళ్లుకున్నాను. ఆ పిల్ల మనిద్దరికీ ఏం చేసింది? దానితో మాట్లాడు. మాట్లాడి నాకు రాయి. చివరి పాట శుక్రవారం దాకా ఆపగలను.

వాసంతి

*

తాల్‌బగీచా
2 అక్టోబరు 2024

వాసంతీ,

వాన వెనకబట్టింది. గుడి ముందు పందిరి గుంజలు పాతుతున్నారు. రేపటి నుంచి నవరాత్రులు. పొద్దున్నుంచి కలశం కడిగి, పీట తుడిచి, తంబూరా పెట్టెకి బ్యాటరీలు మార్చాను. పాఠాలకి దసరా వెళ్లేదాకా సెలవు ఇచ్చాను. నీ ఉత్తరం పోయిన గురువారం అందింది. జవాబు ఆలస్యమైంది. చివరి పాట ఈపాటికి ముగించి ఉంటావు.

నీ మెసేజ్ ఆమనికి ఆదివారం నేను ఇల్లు చేరకముందే అందింది. నేను వచ్చేసరికి వంట చేసి ఉంచింది. నా చేతి సంచి అందుకుంది. పాట ఎలా వచ్చిందని అడిగింది. బాగా వచ్చిందన్నాను. కాళ్లు కడుక్కుని కూర్చున్నాక, "గొంతు పండలేదని అన్నది బామ్మా, నువ్వా?" అంది. నేను మజ్జిగ తాగుతున్నాను. తాగడం అయ్యేదాకా నిలబడింది. ఆ తర్వాత గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

మళ్లీ అడగలేదు. పోట్లాడినా బాగుండేది. వారమంతా మామూలుగానే ఉంది. లైబ్రరీలో పని మానేస్తానని చెప్పి వచ్చిందని మీ అన్నయ్య ద్వారా తెలిసింది. విశాఖలో వాళ్ల నాన్న దగ్గర ఉండి వేరే ఉద్యోగం చూసుకుంటుందట. "దసరా అయినాక ఎల్లొచ్చు కదమ్మా, మూలా నక్షత్రం నీదే కదా" అని ఆయన అడిగారు. "ఆ చోటు నాన్నమ్మదే తాతయ్యా. ఆమె ఎవరికీ ఇవ్వలేదు" అందట. ఆయన నాకు గట్టిగా చెప్పారు, ఆయనకి మెల్లగా మాట్లాడడం రాదు కదా. వీధిలోకి వినపడి ఉంటుంది.

గుడివాళ్లకి కబురు చేశాను. మూలా నక్షత్రం రోజు నేనే పాడతాను. సత్యవాణి వచ్చి, "మీ మనవరాలు పాడుతుందని కార్డులో వేశారు కదండీ" అంది. కార్డులు మార్చడానికి లేదు. దాని పేరు మీదే నేను కూర్చోవాలి.

కవరు మీద నా పేరు నీ పేరంత అక్షరాలతో వేయిస్తానన్నావు. నీ ఇష్టం.

దాని గది ఊడ్చాను. నీ పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి వెళ్లింది. శ్రుతి పెట్టె కూడా వదిలేసింది, అది నేను కొనిచ్చినది. పుస్తకాలు మాత్రం తీసుకుంది. అన్నం పొట్లం కట్టి ఇచ్చాను, వద్దనలేదు. నేను గుమ్మం దాకా వెళ్లాను.

సోమవారం సాయంత్రం కోరమండల్‌కి ఆమని వెళ్లిపోయింది. మీ అన్నయ్య మోకాలు నొప్పితోనే టోటో రిక్షాలో స్టేషనుకి వెళ్లి ఎక్కించి వచ్చారు.

లలితాంబ